ఆయా కొట్టాయిని కాపాడబోయి

ఇరవై మూడేళ్ళ వయసులో నాకు తెలిసినన్ని సంగతులు ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ తెలియలేదు. ఆ రోజుల్లో నా డిప్లొమా కాగితం ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉండేది. క్లాంగ్‌లో ఒక సర్వే ఆఫీసులో ఉద్యోగం దొరికి మూడు నెలలయింది. వాళ్ళిచ్చిన పసుపు హెల్మెట్‌ని మోటర్‌సైకిల్ వెనక కట్టుకుని రోజూ బంటింగ్ దాకా ఊరేగేదాన్ని (తలకి పెట్టుకునే హెల్మెట్ వేరే ఉండేది, ఇది జనం చూడ్డానికి). నిజానికి ఆఫీసులో నా పని పాత ప్లాన్లకి ఫోటోకాపీలు తీసి, చుట్టి, రబ్బరు బ్యాండు వెయ్యడం. ఇంట్లోవాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. మా అమ్మ మాత్రం వీధి వీధంతా "మా బొట్టి భూములు కొలుస్తాది" అని చెప్పుకొచ్చింది. అలా చెప్పకపోయి ఉంటే నాకు ఆ తిప్పలు తప్పేవి.

మాది బంటింగ్ దగ్గర ఒకప్పటి రబ్బరు తోట. మా ముత్తాతలు విశాఖపట్నం వైపునుంచి ఓడెక్కి ఈ మలాయ్ దేశానికి వచ్చి అక్కడే రబ్బరు పాలకోసం చెట్లు గీశారు. రబ్బరు పోయి పామాయిలు వచ్చింది, పామాయిలూ పోయి ఫ్యాక్టరీలు వచ్చాయి. మేమందరం పక్కనే కట్టిన చవక ఇళ్ళలోకి మారాం. తోటలో కూలీల లైన్ ఇళ్ళు, ఆసుపత్రి, బియ్యం కొట్టు, అన్నీ కూలగొట్టేశారు. మిగిలింది ఒక్కటే, ఆయా కొట్టాయి, అంటే పిల్లల్ని చూసే ఆయా ఉండే కొట్టం. రేకుల కప్పు, నడుమెత్తు గోడ, సిమెంటు నేల, పైన లావుపాటి దూలాలు. తల్లులు చీకటితో చెట్లు గీయడానికి పోతూ చంటిపిల్లల్ని అక్కడ ఆయాకి అప్పగించి పోయేవారు. దూలాలకి చీరగుడ్డ ఉయ్యాలలు వరసగా వేలాడేవి. ఆ ఆయా మా పెద్దమ్మ. తోట మూసేశాక జీతం ఆగిపోయింది గానీ, పని ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆవిడ ఆపలేదు. తోట తల్లుల బదులు ఫ్యాక్టరీ షిఫ్టు తల్లులు పిల్లల్ని తెచ్చి దింపేవారు.

అలాంటి సమయంలో ఆ నేలని ఒక కంపెనీ కొనేసింది. గోడౌను కడతామని, కొట్టాయి తీసేస్తామని నోటీసు అంటించారు. అదే నెలలో జిల్లా కౌన్సిల్ ఒక ప్రకటన వేసింది. జనానికి ముఖ్యమైన పాత కట్టడాలేవైనా ఉంటే పేర్లు పంపండి, తగినవాటిని రక్షిత జాబితాలో చేర్చి కూల్చకుండా చూస్తాం అని. ఆ కాగితం పట్టుకుని పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది.

"ఏటే, కొలతలు సదివినావంట కదా. ఈ బోరాంగ్ నింపు," అంది. బోరాంగ్ అంటే దరఖాస్తు ఫారం. మా ఇళ్ళలో ఆ ముక్కకి తెలుగు మాట ఉందని నాకు చాలా ఏళ్ళకిగానీ తెలియలేదు.

"ఇది నిపుణులు చెయ్యాల్సిన పని పెద్దమ్మా. నాకు వదిలెయ్," అన్నాను నేను.

ఫారంలో మొదట లాటు నంబరు అడిగారు. నేలలో ఏ ముక్కకి ఏ నంబరో చెప్పే పాత ప్లాను మా ఆఫీసు బీరువాలోనే ఉంది. దొరలకాలంనాటి ప్లాను, వంకర అక్షరాల ఇంగ్లీషులో ఒక చోట "నర్సరీ" అని రాసుంది. పిల్లల్ని పెంచే చోటుని నర్సరీ అంటారని నాకు తెలుసు కదా. టక్కున ఆ నంబరు ఎక్కించేశాను. అక్కడికి వెళ్ళి సరిచూసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. ప్లాను చదవడం వచ్చినవాళ్ళు బురదలో నడవక్కర్లేదని అప్పట్లో నా నమ్మకం.

తర్వాతి ప్రశ్న, ఇక్కడికి వచ్చిన ప్రముఖులెవరు. పెద్దమ్మని అడిగాను.

"ఎవరైనా గొప్పోళ్ళు వచ్చారా మన కొట్టాయికి?"

"అందరూ వచ్చినారు."

"అందరూ అంటే?"

"తోటలో పుట్టినోళ్ళు అందరూ. వచ్చినారు, పాలు తాగినారు, ఉచ్చ పోసినారు, ఎల్లిపోనారు."

దాన్ని నేను "అనేకమంది తమ తొలి అడుగుల ముద్రలను ఈ నేలపై విడిచి వెళ్ళారు" అని గంభీరమైన మలాయ్‌లో రాశాను. కొట్టాయి ఫోటో, నేను గీసిన బొమ్మ జతచేసి గడువుకి ఒక రోజు ముందే ఇచ్చేశాను. తనిఖీకి వస్తున్నాం, ఆ కట్టడాన్ని వాడినవాళ్ళని ఐదుగురిని సాక్ష్యానికి పిలవండి అని ఉత్తరం వచ్చినప్పుడు వీధిలో మా అమ్మ నడకే మారిపోయింది.

తనిఖీ రోజు ఆఫీసుకి సెలవు పెట్టాను. పొద్దున్నే వెళ్ళి కొట్టాయిని చారిత్రకంగా తయారుచేశాను. అంటే ఉయ్యాలలు విప్పించేశాను, పాలసీసాలు దాచించాను, ప్లాస్టిక్ బొమ్మలు బస్తాకెత్తించాను. పొద్దుటి షిఫ్టు పిల్లలందరినీ మా ఇంటికి తరలించి మా అమ్మ మీద వదిలాను (ఆ పూట జరిగింది ఆవిడ ఇప్పటికీ క్షమించలేదు). పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "సంటిగుంటలు నేకపోతే ఇదేటి కొట్టాయి?" అంది. "వారసత్వ కట్టడం ఇలాగే ఖాళీగా ఉండాలి," అన్నాను.

పదకొండింటికి కౌన్సిల్ జీపు వచ్చింది. అందులో తలకి గులాబీరంగు గుడ్డ చుట్టుకున్న అధికారిణి, రాసుకోవడానికి ఒక గుమాస్తా ఉన్నారు. వెనక కారులో కంపెనీ తరఫున టై కట్టుకున్న ఒకాయన. నేను పసుపు హెల్మెట్ పెట్టుకుని ఎదురెళ్ళాను. అధికారిణి ఫోనులో లాటు నంబరు కొట్టి, అది చూపించిన దారిన నడక మొదలుపెట్టింది. కొట్టాయి ఎడమచేతి పక్కనుంది. ఆవిడ కుడిచేతి పక్కకి తిరిగింది.

"పువాన్, ఇటు," అన్నాను (పువాన్ అంటే అమ్మగారూ అని).

"మీ నంబరు అటు చూపిస్తోంది," అంది ఆవిడ మర్యాదగా.

మిగిలిపోయిన పామాయిలు చెట్ల మధ్యనుంచి పావుగంట నడిచి ఒక బురదగుంట దగ్గర ఆగాం. మోకాలెత్తు నీళ్ళు, రెల్లుగడ్డి. మమ్మల్ని చూసి ఒక ఉడుము విసుగ్గా పక్కకి జరిగింది. అధికారిణి నా ఫారం తీసి పైకి చదివింది. "ఇక్కడ పసిపిల్లలను వరుసగా వేలాడదీసి, పాలు పట్టి, తల్లులు వచ్చేవరకు పెంచేవారు." గుమాస్తా ఉడుము వైపు చూశాడు.

అది కూడా నర్సరీయే. రబ్బరు మొక్కల నర్సరీ. దొరలు విత్తనాలు మొలకెత్తించిన చోటు. ఆ ముక్క నాకు అప్పుడు, ఆ బురదలో నిలబడి, మడమలదాకా తడిశాక అర్థమైంది.

కంపెనీ ఆయన ముఖం వెలిగిపోయింది. "ఈ స్థలం విషయంలో మాకు ఏ అభ్యంతరమూ లేదు పువాన్. కావాలంటే ఇప్పుడే రాసిస్తాను," అన్నాడు. అక్కడే గుమాస్తా పుస్తకం మీద కాగితం పెట్టి సంతకం చేసి ఇచ్చాడు కూడా. నేను కొట్టాయి అటుందని, పొరపాటు జరిగిందని గొణిగాను. "గడువు అయిపోయింది కదా," అన్నాడు ఆయన, చాలా దయగా.

అధికారిణి నా ఫారం మళ్ళీ తిరగేసింది. "నంబరు తప్పు. ఫోటో, బొమ్మ, వివరం ఆ కట్టడానివే అయితే రాతలో జరిగిన తప్పు కింద దిద్దవచ్చు. కానీ సాక్షులు చెప్పాలి. పదండి," అంది. నేను హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాను.

కొట్టాయిలో ఐదుగురు సాక్షులూ ఇస్త్రీ బట్టల్లో కూర్చుని ఉన్నారు. మొదట లారీ మావయ్య లేచాడు. తలుపులో పట్టనంత మనిషి. పెద్ద లారీలు తోలుతాడు.

"మీరు ఈ కట్టడాన్ని వాడారా?" అని అడిగింది అధికారిణి.

"వాడినాను పువాన్."

"ఏమి గుర్తుంది?"

ఆయన చాలాసేపు దూలాల వైపు చూశాడు. నిజాయితీ గల మనిషి. "ఏటీ గుర్తు నేదు. నాకు అప్పుడు ఏడాదిన్నర," అన్నాడు.

రెండో సాక్షికి అప్పుడు పది నెలలు. మూడు, నాలుగు కవలలు, అక్కచెల్లెళ్ళు. ఒకరు ఏడ్చిన సంగతి ఇంకొకరికి గుర్తులేదు. ఐదో ఆయన "మా అమ్మ చెప్పేది" అని మొదలుపెట్టగానే కంపెనీ ఆయన "అది విన్న మాట, చూసిన మాట కాదు," అన్నాడు. పసిపిల్లల్ని పెట్టే చోటుకి జ్ఞాపకమున్న సాక్షులు దొరకరని నాకు ఎందుకు తట్టలేదో దేవుడికే తెలియాలి. నేను గనక ఆ ఫారం ముట్టుకోకుండా ఉండి ఉంటే పెద్దమ్మ ఎవరో బడిపిల్ల చేత రాయించినా ఇంతకంటే బాగా ఉండేది.

అప్పుడు పెద్దమ్మ చీర కొంగు దోపుకుని లేచింది. "ఆళ్ళకి ఎలాగ గుర్తుంటాది? గుర్తుండాల్సింది నాకు," అంది. ఆవిడకి మలాయ్ సంతలో నేర్చినంతే వచ్చు, అందులోనే చెప్పింది. లారీ మావయ్యని చెయ్యి పట్టుకుని గోడ దగ్గరకి లాక్కెళ్ళింది. "ఈడు సున్నం తినేవోడు. ఎన్ని దెబ్బలేసినా మానేవోడు కాదు. ఇక్కడ సూడండి." గోడ అడుగున, పాకే పిల్లాడి నోటి ఎత్తులో, అరచెయ్యంత మేర సున్నం లేచిపోయి ఇటుక కనబడుతోంది. అంత మనిషీ తల దించుకున్నాడు. తర్వాత దూలాలు చూపించింది. ఎక్కడ ఉయ్యాల కడితే అక్కడ చెక్క అరిగి గాళ్ళు పడ్డాయి. ఏ గాడి ఏ ఇంటిదో ఆవిడ వరసగా చెప్పుకుపోయింది, ఒక చోట అలవాటైన పిల్ల ఇంకో చోట నిద్రపోదట. కవలలది మాత్రం రెండింతలు లోతు. అధికారిణి స్టూలు తెప్పించుకుని, ఎక్కి, ఆ గాళ్ళలో వేలు పెట్టి చూసింది.

కంపెనీ ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇవన్నీ పాత సంగతులు పువాన్. చూస్తున్నారు కదా, ఇప్పుడిది ఖాళీ షెడ్డు. ఒక బొమ్మ లేదు, ఒక సీసా లేదు. జనం వాడని కట్టడం వల్ల ఎవరికి లాభం?"

ఖాళీ చేసింది నేనే. నోరు తెరవబోతే పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కి, అధికారిణికి ఇంకో గాడి కథ మొదలుపెట్టింది. అది అయ్యాక ఇంకొకటి. మధ్యలో అందరికీ వడలు, కోపీ ఇచ్చింది. ఎవరికి ఏ నెలలో పళ్ళొచ్చాయో కూడా చెబుతోంది. నేను సిగ్గుతో చచ్చిపోతూ "చాలు పెద్దమ్మా" అని చెవిలో అంటే, "ఉండే. నువ్వు పంపీసింది పొద్దుటి షిఫ్టు గుంటల్నే కదా," అని మాత్రం అంది.

రెండున్నర. బయట ఫ్యాక్టరీ బస్సు హారను మోగింది. మధ్యాహ్నం షిఫ్టు తల్లులు నీలం యూనిఫారాలతో ఒక్కసారిగా లోపలికి వచ్చారు. ఎప్పటిలా ఉయ్యాలలు లేవు, ఆగడానికి టైము లేదు. ఎవరెదురుగా ఉంటే వాళ్ళ చేతుల్లో బిడ్డని పెట్టేసి బస్సుకి పరుగెత్తారు. గుమాస్తా పుస్తకం కింద పడేసి ఒకడిని అందుకున్నాడు. లారీ మావయ్యకి ఇద్దరు. అధికారిణి స్టూలు మీదనుంచే ఒకదాన్ని ఎత్తుకుంది. కంపెనీ ఆయన "నేను కాదండీ, నేను..." అంటూనే ఉన్నాడు, ఒకావిడ బొద్దుపిల్లని ఆయన భుజాన వేసి, "పాలు నాలుగింటికి," అని చెప్పి వెళ్ళిపోయింది.

బస్సు కదిలింది. కంపెనీ ఆయన బిగుసుకుని నిలబడ్డాడు. బిడ్డ ముక్కు చీదింది, టై కొస నోట్లో పెట్టుకుంది, ఇక ఏడవబోయింది. ఆయన తనకి తెలియకుండానే అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాల్లో అది నిద్రపోయింది. ఆయన గొంతు తగ్గించి, "దీన్ని ఎక్కడ పడుకోబెట్టాలి?" అని పెద్దమ్మని అడిగాడు.

అధికారిణి గుమాస్తా వైపు తిరిగింది. "రాసుకో. కట్టడం వాడుకలో ఉంది."

"చేతులు ఖాళీ లేవు పువాన్," అన్నాడు అతను.

రెండు నెలలకి కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. కొట్టాయి రక్షిత జాబితాలో చేరింది, ఎవరూ ముట్టుకోకూడదు. దానితోపాటు రెండో ఉత్తరం. ఫారంలో నంబరు ఉంది, కంపెనీ అభ్యంతరం లేదని సంతకం చేసింది కాబట్టి బురదగుంట కూడా జాబితాలో చేరింది. కొట్టాయి ముందు పందిరి వేసి వీధంతా భోజనాలు చేశాం. లారీ మావయ్య లారీకి పూలదండ వేసుకొచ్చాడు. మా అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ, "ఒకటి అడిగితే రెండు సాధించింది," అని చెప్పింది. నేను కాదనలేదు. ఆ గుంటలో ఇప్పుడు ఆడవాళ్ళు కాంకుంగ్ ఆకుకూర పెంచి ఆదివారం సంతలో అమ్ముతారు.

నా కూతురు కూడా ఆ కొట్టాయిలోనే పెరిగింది. మొన్న దాన్ని తీసుకుని పెద్దమ్మని చూడ్డానికి వెళ్ళాను. ఆవిడకి చూపు తగ్గింది, పిల్లల్ని వేరే వాళ్ళు చూస్తున్నారు, ఆవిడ గోడవార కుర్చీలో కూర్చుని ఎవరు ఏడుస్తున్నారో గొంతుబట్టి చెబుతోంది. అందరి గురించీ చెప్పిన మనిషి నా గురించి ఎప్పుడూ చెప్పలేదని హఠాత్తుగా తోచి అడిగాను.

"నేనెలాగ ఉండేదాన్ని పెద్దమ్మా ఇక్కడ?"

"నువ్వా? ఏడిసేదానివి కాదు. ఉయ్యాల్లోంచి తల బైటెట్టి, మేమేటి సేస్తన్నా తప్పు సేస్తన్నట్టు సూసేదానివి."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ చూపు నాకు ఇరవై మూడో ఏడు దాకా ఉండేది, ఎక్కడ పోయిందో కూడా నాకు తెలుసు. పోవడం మంచిదే. కానీ ఆఫీసులో ఏదైనా కాగితం మీద సంతకం పెట్టేముందు మూడుసార్లు వెళ్ళి చూసొచ్చి, నాలుగోసారి కూడా అనుమానంగానే పెన్ను తీసినప్పుడు, ఒక్క క్షణం దిగులుగా ఉయ్యాల్లోని ఆ పిల్ల గుర్తొస్తుంది.