స్వరాజ్యానికి మూడు బటన్లు చాలలేదు

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డులు చూసి బెదరని మనిషి స్వరాజ్యం. వాటిలో కొన్ని ఆమె చేతి మీదుగా వెళ్లినవే మరి.

మైత్రీవనం వెనక గల్లీలో, ఒక మెస్సుకీ జిరాక్స్ షాపుకీ మధ్య, తేజ వర్క్‌షాపు ఉంది. అందులో చెక్క మీదా అక్రిలిక్ మీదా అక్షరాలు చెక్కే సీఎన్‌సీ యంత్రం ఒకటి. దాన్ని బ్రహ్మవిద్యలా వర్ణించేవాళ్లను నమ్మకండి. కంప్యూటర్ చెప్పినట్టు కుడి ఎడమలకూ, ముందు వెనకలకూ, పైకీ కిందికీ కదిలే ఒక మోటారు, దాని కొసన గిర్రున తిరుగుతూ చెక్కే ములుకు, అదే బిట్టు. అంతే. ఏలూరు నుంచి వచ్చిన తేజ ఉద్యోగం చేసుకుంటూ సరదాకి విడిభాగాలు తెప్పించి దాన్ని కట్టాడు. సరదా ముదిరి ఉద్యోగం మానేశాడు.

స్వరాజ్యం బల్కంపేట నుంచి నడిచి వస్తుంది. నలభై ఏడేళ్లు, ఏడో తరగతి. ఊడవడానికి చేరి, చెక్కపొట్టు ఎత్తి, అంచులు సాండ్‌పేపర్‌తో రుద్ది, నేమ్‌ప్లేట్లు ప్యాక్ చేసి, చివరికి యంత్రం ముందుకొచ్చింది. ఆమె పైకొచ్చిన తీరు చూసి కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు. పని నచ్చింది, నేర్చుకుంది.

ఈ పనిలో అసలు కిటుకు సున్నా పెట్టడం. బిట్టు ఎక్కడ నుంచి కొలవాలో యంత్రానికి చూపించాలి. చెక్క మీద పల్చటి కాగితం వేసి, దాన్ని అటూ ఇటూ జరుపుతూ బిట్టును కొద్దికొద్దిగా దింపాలి. కాగితం పట్టుకున్న చోటే సున్నా. స్వరాజ్యం మందుల షాపు బిల్లు వాడుతుంది. అంత పల్చటి కాగితం హైదరాబాదులో ఇంకోటి లేదని ఆమె వాదన.

మొదట్లో తేజ వాడిన సాఫ్ట్‌వేర్‌లో స్క్రీను నిండా అంకెలూ, దీపాలూ, మీటలూ ఉండేవి. ఏది కావాలన్నా మార్చుకోవచ్చు, ఏది మారినా అడిగే దిక్కు లేదు. ఒకరోజు స్వరాజ్యం బిట్టును పైకి లేపకుండా ‘సున్నాకి వెళ్లు’ నొక్కింది. అది చెక్కను బిగించిన ఇనుప పట్టీ మీదుగా వెళ్లి ఫట్‌మని విరిగింది. ఆ మర్నాడే తేజ కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాడు. మూడు పెద్ద బటన్లు: తయారు, మొదలు, ఆపు. మిగతావన్నీ, పాత సాఫ్ట్‌వేర్‌తో సహా, పాస్‌వర్డ్ వెనక.

న్యాయంగా చెప్పాలంటే అది చెడ్డదేమీ కాదు. ఏడాదిన్నరలో ఒక్క బిట్టు విరగలేదు. కాకపోతే దానికి ప్రతి చెక్కా నలుపలకగా, తిన్నగా ఉండాలి. సున్నా ఎప్పుడూ ఎడమ మూలే. వంకర చెక్క వస్తే అది చేతులెత్తేస్తుంది. ఈ మధ్య అలాంటివే ఎక్కువ వస్తున్నాయి. దసరాకి ఊరెళ్లే ముందు తేజ ఒక మాట చెప్పాడు.

“పండగయ్యాక ఐటీఐ చదివిన ఆపరేటర్ ఒకతను వస్తున్నాడండీ. మీకింక ఈ టెన్షన్ ఉండదు. ప్యాకింగ్ చూసుకోవచ్చు.”

“నాకు టెన్షన్ ఉన్నదని నీకెవరు చెప్పిండ్రు సార్?”

“వంకర చెక్కలకి పాత సాఫ్ట్‌వేర్ కావాలి కదా. అదంతా మీకెందుకు, తలనొప్పి.”

మెషిన్ తన చేతిలోంచి పోతోందని స్వరాజ్యానికి అర్థమైంది. తేజ దుర్మార్గుడేం కాడు. సామాన్యులకు అన్నీ సులువుగా ఉండాలని మనసారా నమ్మినవాడు. ఆ నమ్మకంతోనే చిక్కు. ఎదుటి మనిషికి ఏది తెలియనక్కర్లేదో అది ముందే తేల్చేస్తుంది. నాలుగు నెలలుగా తను మెస్సుకి భోజనానికి వెళ్లిన ముప్పావుగంటా ఆమె బిట్టు ఊడదీసి, అతను కొడుతుండగా చూసి గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డ్‌తో పాత సాఫ్ట్‌వేర్ తెరిచి, యంత్రాన్ని ఉత్త గాల్లో నడుపుతోందని అతనికి తెలియదు. ఏ మీట నొక్కితే ఏది కదిలిందో నోటుబుక్కులో బొమ్మలు గీసి పెట్టుకుంది.

దసరా పొద్దున ఆయుధపూజకి ఆమె అత్త మంగవ్వ పసుపూ కుంకుమా పట్టుకుని వచ్చింది.

“దీనికి కండ్లెక్కడున్నయే పిల్లా?”

“మూడుంటయ్ అత్తా.” యంత్రం ప్రతి వైపూ ఎక్కడ ఆగాలో కనిపెట్టే సెన్సర్లను స్వరాజ్యం చూపించింది.

“మూడు కండ్లా? ఇంకేంది, శివుడే,” అని మంగవ్వ మూడింటికీ నిండుగా బొట్లు పెట్టింది.

మర్నాడు ‘తయారు’ నొక్కితే స్క్రీను ఒకే వాక్యం చూపించింది: యంత్రం సిద్ధంగా లేదు, సర్వీసును సంప్రదించండి. పంజాగుట్టలో ఒక ఆసుపత్రి కొత్త ఓపీ విభాగానికి ఇరవై నాలుగు డాక్టర్ల నేమ్‌ప్లేట్లు సాయంత్రానికి ఇవ్వాలి. ఇంకా పది మిగిలాయి. ఆమె తేజకు ఫోను చేసింది.

“రీస్టార్ట్ చేశారా?”

“మూడుసార్లు చేసిన. కేబుల్ సుత చూసిన. ఎందుకు రెడీగ లేదో చెప్తలేదు సార్ గది.”

“చెప్పదండీ. యూజర్‌ని కంగారు పెట్టకూడదని అలా డిజైన్ చేశారు.”

“నేనేం కంగారు పడ్తలేను. నాకు పని పడ్డది.”

“రేపు నేనొచ్చి చూస్తాను. హాస్పిటల్ వాళ్లకి రేపని చెప్పేయండి.”

ఆమె చెప్పలేదు. పాత సాఫ్ట్‌వేర్ తెరిచింది. అందులో సెన్సర్లకు మూడు దీపాలు. రెండు ఆకుపచ్చ. ముందు వెనకల సెన్సరు దీపం ఎర్రగా ఉంది. అంటే అక్కడేదో అడ్డుందని యంత్రం అనుకుంటోంది. వంగి చూస్తే, ఆ సెన్సర్‌లో వెలుతురు కిరణం దాటే సన్నటి సందులో మంగవ్వ పెట్టిన బొట్టు ఎండి గడ్డకట్టింది. మిగతా రెండు బొట్లూ పైమూతల మీద పడ్డాయి కాబట్టి సరిపోయింది. పెయింట్ బ్రష్షుతో రాల్చి, దూదికి స్పిరిట్ అద్ది తుడిచింది. దీపం ఆకుపచ్చగా మారింది.

ఇక మూడు బటన్ల దానికి తిరిగి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. బిల్లు కాగితం వేసి సున్నా పెట్టింది. బిట్టును రెండంగుళాలు పైకెత్తి, మొదటి ప్లేటును గాల్లోనే ఒకసారి పూర్తిగా నడిపి చూసింది. పట్టీల మీదుగా ఎక్కడా వెళ్లడం లేదు. అప్పుడు దింపింది. కష్టమైన సాధనమే మనిషిని గొప్పవాణ్ణి చేస్తుందని చెప్పే పెద్దలు ఇక్కడ మురిసిపోకుండా ఉంటే మంచిది. ఆ పాత స్క్రీను ఇప్పటికీ గజిబిజిగానే ఉంది, ఇప్పటికీ బిట్లు విరగ్గొట్టగలదు. తేడా అల్లా ఆమెకిప్పుడు ఎక్కడ విరుగుతుందో తెలుసు.

సాయంత్రం ఆసుపత్రి నుంచి హనుమత్ప్రసాద్ అనే అతను వచ్చి ప్లేట్లు ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చదివాడు. “తేజ గారు ఊళ్లో లేరన్నారే, ఇవెవరు చేశారు?”

“నేనే.”

“ఒత్తులు శుభ్రంగా వచ్చాయి,” అని సంతకం పెట్టి తీసుకెళ్లాడు.

మర్నాడు తేజ బ్యాగు కూడా దించకుండా కంప్యూటర్‌లో తెరిచి ఉన్న పాత సాఫ్ట్‌వేర్ చూశాడు.

“పాతది ఎందుకు ముట్టుకున్నారండీ? విరిగితే?”

“ఇరగలే కద.”

“అదృష్టం.”

“అదృష్టం కాదు సార్, నాలుగు నెల్లు.” ఆమె నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టింది. అతను నిలబడే పేజీలు తిప్పాడు. చాలాసేపు తిప్పాడు.

“ఇవన్నీ నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడగలే. తలనొప్పి అన్నవ్. నొప్పి ఎవరికో జర అడిగితే అయిపోతుండె.” అప్పుడు అసలు మాట అంది. “గా ఐటీఐ పిల్లగాన్ని తెచ్చుకుంటే తెచ్చుకో. ప్యాకింగ్‌కు పెట్టు. మెషిన్ నాది. కాదంటే చెప్పు, బేగంపేటల ఇంకో షాపోళ్లు పిలుస్తున్నరు.”

తేజ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫోను తీసి ఆ ఆపరేటర్‌కి రావద్దని ఆమె ముందే చెప్పాడు. తర్వాత పాత సాఫ్ట్‌వేర్‌లో ఎవరికి కావలసిన బటన్లు వాళ్లు తయారుచేసుకునే చోటు తెరిచాడు.

“చెప్పండి. మీకేం కావాలి?”

“మొదటిది ‘జర లేపు’. యాడికి పోవాల్నన్నా ముందు బిట్టు పైకి లేవాలె. అన్ని బటన్లల్ల అది ఉండాలె.”

“అది మంచి ఆలోచనండీ. నాకే తట్టలేదు.” టైపు చేశాడు. “తర్వాత?”

“‘గాలి కోత’. ‘నడిమి సున్న’, వంకర చెక్కలకు. ‘కండ్లు చూపియ్’, అంటే గా మూడు దీపాలు. ఇగ ‘ఇంటికి పో’, పనయినంక అది మొదలైన జాగకు.”

“హోమ్ అని పెడదామా?”

“నీకు హోమ్, నాకు ఇల్లు.”

అతను నవ్వి అలాగే కొట్టాడు. “పాస్‌వర్డ్ తీసేస్తున్నాను. మూడు బటన్ల సాఫ్ట్‌వేర్ కూడా తీసేయనా?”

“ఉండనీ సార్. నేను లేనప్పుడు నువ్వు వాడుకుందువు.”

అతను తలెత్తి చూశాడు. ఆమె మొహంలో నవ్వు జాడ లేదు. కొత్త స్క్రీనులో ఆరు గళ్లు ఉన్నాయి, ఐదే నిండాయి.

“ఇదొకటి ఖాళీగా మిగిలింది. ఏం పెట్టమంటారు?”

“గది గట్లనే ఉండనీ. ఇంకేం కావాల్నో ఇంకా తెల్వదు,” అని స్వరాజ్యం ఒక వంకర టేకు పలకను బల్ల మీదకి ఎత్తి, బిగించడానికి పట్టీలు వెతికింది.