అమ్మన్నమ్మకు పుట్టింటి చీర

ఒడిశాలోని గుణుపురంలో ఆ రోజు సంత. అమ్మన్నమ్మ తెల్లారగట్ల పోయింది. పది కొట్టేసరికి వాకిట్లో పాడె కట్టడం అయిపోవచ్చింది. ఎండ ముదరకముందే ఎత్తేద్దామని పెద్దకొడుకు మన్మథరావు తొందర పెడుతున్నాడు. ఆయన కూతురు పుష్ప గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పుట్టింటి సీర రాలేదు నాన్నా. నేస్తమే ఎట్టాలని మామ్మ నాతో సెప్పింది."

"నేస్తం పేరేటి? ఊరేటి? సెప్పు, ఇప్పుడే మనిషిని పంపుతాను."

పుష్పకు ఆ రెండూ తెలియవు.

రోజూ కాళ్లు పడుతూ మామ్మ బతుకంతా విన్నది ఆమే. పాతపట్నం అవతలి పల్లె నుంచి పదిహేనేళ్ల పిల్ల మొగుడి వెంట నడిచి వచ్చి, వంశధార ఒడ్డున బీడు కొట్టి మడి చేసుకుంది. చంకలో ఒకడు, చేతికి ఒకడు ఉండగా మన్యం జ్వరానికి మొగుడు పోయాడు. అన్నలు బండి కట్టుకొచ్చారు. పిల్లల్ని అత్తింటివాళ్లకు వదిలేసి నువ్వొక్కదానివీ రా అన్నారు. రానంది. ఇంక నీకు పుట్టిల్లు లేదనుకో అని, అదే బండిలో వెనక్కి పోయారు.

ఆ ఏడే రెండెడ్లలో ఒకటి చచ్చింది. ఆమె గట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే, కొండ దిగి సంతకు పోయే సవర పిల్ల ఒకతె చూసింది. మర్నాడు తమ ఎద్దును తోలుకొచ్చింది. దాని కుడికొమ్ము విరిగి ఉంది. పైగా పొట్టిది. కాడి ఒక పక్కకు ఒరిగిపోయేది, చాలు వంకర తిరిగేది. ఊరంతా నవ్విందట. "నవ్వితే నవ్వేరు. వడ్లకి వంకర తెలుసునేటి" అనేది మామ్మ. కోతలయ్యాక ఇద్దరూ ఒకే ఆకులో అన్నం తిని నేస్తం కట్టుకున్నారు.

నేస్తం కట్టుకున్నవాళ్లు ఒకరి పేరు ఒకరు పలకకూడదు. మామ్మ పలకలేదు. అడగడం తప్పనుకుని పుష్ప అడగనూ లేదు. ఇంటిల్లిపాదీ ఆవిణ్ణి నేస్తమ్మనే పిలిచేవారు. ఊరంటే కొండ మీద, అంతే. ప్రతి సంతకూ ఒక్కతే వచ్చి, గడపలో కూర్చుని, టీ తాగి వెళ్లేది. రెండు నెలలుగా రావడం లేదు. మామ్మ దారి చూసేది. వానలు కదా, వచ్చే వారం వస్తుందిలే అని పుష్ప సర్దిచెప్పేది.

ఇప్పుడు పుష్ప గంట ఆగమని తండ్రిని బతిమాలి, చెప్పులు కూడా వేసుకోకుండా సంతకు పరుగెత్తింది.

చింతపండూ పసుపూ చీపుళ్లూ పెట్టుకుని సవర ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. వాళ్లలో నేస్తమ్మ లేదు. మీ ఇళ్లల్లో తెలుగు నేస్తం ఎవరికుందని అడిగితే నలుగురు నవ్వుతూ చేతులెత్తారు. మీ మామ్మ పేరేమిటన్నారు. అమ్మన్నమ్మ అంది. వాళ్లకేం తెలుస్తుంది? వాళ్లు మాత్రం తమ నేస్తాల పేర్లు పలుకుతారా?

ఇంక పుష్ప ఒక్కొక్కరి ముందూ గొంతుక్కూర్చుని, వచ్చీరాని ఒడియాలో ఎద్దు సంగతి చెప్పసాగింది. కాడి ఎలా ఒరిగేదో భుజం వంచి చూపించింది. ఒకామె కాదంది, ఇంకొకామె తల అడ్డంగా ఊపింది. మూడోసారి చెబుతుండగా, అల్లం కుప్ప వెనకనున్న రీనా అనే అమ్మాయి తూకం ఆపేసింది.

"ఆ ఎద్దు మా అమ్మమ్మదే. వడ్లకి వంకర తెలుసునేటని అన్నాదంట కదా మీ మామ్మ?"

పుష్పకు ప్రాణం లేచొచ్చింది. మీ అమ్మమ్మ ఎక్కడుంది, తొందరగా పిలువు అంది.

రీనా తక్కెడ కింద పెట్టింది. అమ్మమ్మ పేరు పుణ్యవతి అనీ, వానల మొదట్లోనే పోయిందనీ మెల్లగా చెప్పింది. నేస్తానికి కబురు పెట్టమంటూనే పోయిందట. పేరు తెలియదు, ఇల్లు తెలియదు. గుణుపురంలో ఇంతమంది తెలుగువాళ్లలో ఎవరి తలుపు తట్టాలో తోచలేదట.

మామ్మ తెల్లారగట్ల పోయిందనీ, పుట్టింటి చీర కోసం పాడె ఆపించి వచ్చాననీ పుష్ప చెప్పింది. అల్లం పక్కామెకు అప్పగించి, రీనా బట్టల కొట్లో నేత చీర ఒకటి తీసింది. పుష్ప డబ్బివ్వబోతే చెయ్యి తోసేసింది. "పుట్టింటోలు ఎట్టాల కదా" అంది.

పాడె చుట్టూ జనం గుసగుసలాడారు. ఈ అమ్మి ఎవర్తని మన్మథరావు అడిగాడు. మామ్మ పుట్టింటివాళ్లంది పుష్ప. ఆయన ఆ పిల్ల మొహంకేసి చాలాసేపు చూసి, పక్కకు తప్పుకున్నాడు. రీనా చీర విప్పి, అమ్మన్నమ్మ మెడ నుంచి పాదాల దాకా కప్పింది.

పక్కింటి భారతీదేవి వంగి, నేస్తమ్మ రాలేదేటి అని పుష్ప చెవిలో అడిగింది.

ఒంట్లో బాగులేదంట, అంది పుష్ప. మామ్మ ముందు నిజం చెప్పడానికి నోరు రాలేదు.