మేము కట్టిన వంతెనకు ఇనప గేటు

నా చిన్నతనంలో శనివారమంటే ఇటుకలు గీకడమే...

ఇంగ్లండ్‌లో లీడ్స్ దగ్గర ఒక చిన్న ఊరు. 2010 ప్రాంతం. మా ఎస్టేట్ వెనక, అంటే ఊరి కౌన్సిల్ తక్కువ అద్దెకిచ్చే ఫ్లాట్ల వెనక, నీళ్లు లేని పాత కాలువ ఉండేది. ముళ్లపొదలు, టైర్లు, తుప్పు పట్టిన షాపింగ్ ట్రాలీలు... వాటి మధ్య బకెట్ బోర్లించుకుని కూర్చునేదాన్ని. పాత ఇటుకలకు అంటుకున్న సున్నం గీకి, బ్రష్‌తో తోమి నాన్నకు అందించాలి. చలికి వేళ్లు మొద్దుబారిపోయేవి. అయినా శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని.

మాది అమలాపురం పక్కన పల్లెటూరు. అమ్మ ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో నర్సు, నాన్నది గోడౌన్‌లో పని. అమ్మ పట్టుబట్టి తెలుగు బైబిల్ చదివించింది కాబట్టి ఈ నాలుగు ముక్కలైనా రాయగలుగుతున్నాను...

ఆ కాలువ మీద ఒక పాత ఇటుక వంతెన. పిట్టగోడ కూలిపోవడంతో ఎప్పుడో మూసేశారు. అది దాటితే అమ్మ ఎక్కే బస్సు స్టాపు, నా స్కూలు ఎదురుగానే ఉంటాయి. దాటే వీలు లేక అందరం పెద్ద రోడ్డు వెంట చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లం. ఆ రోడ్డుకు ఫుట్‌పాత్ కూడా లేదు. ఒక చలికాలం అమ్మ అక్కడే మంచు మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు కీత్ అంకుల్ మా తలుపు తట్టారు. రిటైరైన స్కూలు మాస్టారు. కాలువను బాగుచేసే వాలంటీర్లకు ఆయనే పెద్ద. లాకులు బాగుచేసి పడవలు మళ్లీ నడిపిస్తామని, వంతెన కూడా తెరుస్తామని చెప్పారు. అది తెరిస్తే ముందు బాగుపడేది మీ ఎస్టేట్ వాళ్లే, తలో చెయ్యి వేయండి అన్నారు.

లాకులు అనగానే నాన్న మొహం వెలిగిపోయింది. పల్లంలో ఉన్న పడవను తలుపుల మధ్య ఆపి, నీళ్లు నింపి, మెరకకు ఎక్కించే ఏర్పాటు... గోదావరి కాలవల మీద చూస్తూ పెరిగినవాడాయె. ఆ వారమే పారతో దిగిపోయాడు. ఆయన వెనకే ఎస్టేట్‌లో సగం మంది...

ఎన్ని శనివారాలో... బురద తోడాం. పొదలు కొట్టాం. అమ్మకు డ్యూటీలో సెలవు దొరికినప్పుడల్లా పెద్ద డబ్బాడు పులిహోర తెచ్చేది. కీత్ అంకుల్ కారం తట్టుకోలేక ముక్కు తుడుచుకుంటూ మళ్లీ పెట్టించుకునేవారు. నాకు లెక్కలు నేర్పింది కూడా ఆయనే, ఇటుకల మీద సుద్దముక్కతో. లాకులు తెరిచే రోజు మొదటి తలుపు నువ్వూ నేనూ కలిసి తోద్దాం అనేవారు. నాకు ఇక్కడ తాతయ్య లేడు. ఆయనే అనుకున్నాను...

చివరి ఏడాదంతా వంతెన పనే. పిట్టగోడ నాన్న చేతుల మీదే లేచింది.

తెరిచే రోజు వచ్చింది. బ్యాండు మేళం, జెండాలు, రంగులేసిన పడవ. అవతలి గట్టు మీద పాత మిల్లును అప్పటికే ఖరీదైన ఫ్లాట్లుగా మార్చేశారు. అమ్మ కొత్త చీర కట్టుకుంది. ముందు వంతెన దాటి రావాలని ముగ్గురం పైకి ఎక్కాం.

మధ్యలో నల్లటి ఇనప గేటు. నంబర్లు నొక్కితే తెరుచుకునే తాళం.

జనం ఎక్కువని తాత్కాలికంగా పెట్టారేమో అనుకున్నాడు నాన్న. అక్కడ నిలబడ్డ అమ్మాయిని అడిగితే, ఇది మిల్లు ఫ్లాట్లలో ఉండేవాళ్లకు మాత్రమేనని మర్యాదగానే చెప్పింది.

నాన్న నేరుగా కీత్ అంకుల్ దగ్గరికి నడిచాడు. నేను వెనకే పరిగెత్తాను. ఆయన తల ఎత్తకుండానే అసలు సంగతి చెప్పారు. లాకుల తలుపులకు ఖర్చు పెట్టుకున్నది ఆ ఫ్లాట్ల బిల్డరేనట... వంతెన తమ సొంతానికే ఉంచాలన్నది షరతట. దానికి ఒప్పుకుని ఏడాది దాటిందట.

"అంటే మేం గోడ కడుతున్నప్పుడు మీకు తెలుసా?" అన్నాడు నాన్న.

"తెలుసు. చెబితే మీరెవరూ వచ్చేవాళ్లు కాదు."

ఆయన ఇంగ్లీషులో మెల్లగా అన్న ఆ మాట నాకు ఇప్పటికీ తెలుగులోనే వినిపిస్తుంది...

అంతలో మైకులో పిలుపు. కీత్ అంకుల్ నా వైపు చెయ్యి చాపారు, తలుపు తోద్దాం రమ్మని. నేను నాన్న మొహం చూశాను.

"నీ ఇష్టం తల్లీ" అన్నాడు.

నేను కదల్లేదు. ఆయన ఒక్కరే వెళ్లారు.

నీళ్లు సుడులు తిరుగుతూ నిండాయి. పడవ మెల్లమెల్లగా పైకి లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంత అందంగా ఉంటుందని నేను అనుకోలేదు... అందుకే ఇంకా ఏడుపొచ్చింది.

అమ్మ పులిహోర డబ్బా మూత తీయలేదు. పెద్ద రోడ్డు వెంటే ఇంటికి నడిచాం. "ఆ గోడకి ఒక్క ఇటుకైనా వంకరగా పెట్టుంటే బాగుండేది తల్లీ" అన్నాడు నాన్న.

కొన్ని వారాల తర్వాత కీత్ అంకుల్ వచ్చారు. కాలువ మీద తర్వాతి లాకుల పని మొదలవుతోందట, నాన్నలాంటి పనివాడు కావాలట. అమ్మ టీ ఇచ్చింది. నాన్న వాతావరణం గురించి మాట్లాడాడు, ఆరోగ్యం అడిగాడు, గుమ్మం దాకా వెళ్లి సాగనంపాడు. శనివారాలు మాత్రం ఇక కుదరవని చెప్పేశాడు. నేను గదిలోంచి బయటికి రాలేదు. ఆయన నా పేరు పెట్టి పిలిచారు కూడా...

ఇప్పుడు ఆ లాకుల ఫొటోలు ఊరి ఫేస్‌బుక్ పేజీలో తరచూ కనిపిస్తాయి. పడవలు, బాతులు, పూలకుండీలు... ఎంత మారిపోయిందో అని అందరూ మురిసిపోతుంటారు. నిజమే, చాలా మారింది. కానీ మా ఎస్టేట్ పిల్లలు ఇంకా పెద్ద రోడ్డు మీదుగానే స్కూలుకు వెళ్తున్నారు.

మీకూ ఉందా... చిన్నప్పుడు మీ ఇంటిల్లిపాదీ చెమటోడ్చి నిలబెట్టిన చోటు, ఇప్పుడు మిమ్మల్ని బయటే నిలబెట్టేది? ఉంటే చెప్పండి. ఇన్నేళ్లుగా మా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట ఇది... మీతోనైనా మాట్లాడాలనిపించింది.