పరదా మీద తూనీగ

పెద్దపల్లి రోడ్డు మీద వడ్లు ఎండబోసినం. పసుపు, నలుపు రెక్కల తూనీగలు తిరుగుతుంటే ఫోటో దించుదామని ఫోన్ తీసిన. "ఫోటో తర్వాత, ముందుగాల పరదా పట్టు!" అని అవ్వ ఒర్రింది. తూనీగలు కిందికి ఎగిరితే వాన పడుతదని మా నమ్మకం. ఉరికి ఉరికి వడ్లన్నీ నల్ల పరదాలతో కప్పినం.

చుక్క పడలే. మళ్లీ ఎండ కొట్టి పరదా తళతళ మెరిసింది. ఒక తూనీగ వచ్చి దానికి తోక తాకిస్తనే ఉన్నది. దీనికేం పుట్టింది? ఫోటో దించి, పెద్దగ చేసి చూసిన. పరదా మీద సన్న సన్న గుడ్లు! నీళ్లల్ల గుడ్లు పెట్టేది, మెరిసే పరదాను నీళ్లనుకున్నది పిచ్చిది.

"వాన లేదు గీన లేదు, పరదా తియ్యి" అన్నది అవ్వ.

"జర ఆగు అవ్వా."

"ఎందుకాగాలె?"

దాన్ని నమ్మి మనం కప్పితిమి, మనల్ని నమ్మి అది పిల్లల్ని పెట్టిందని ఎట్ల చెప్పాలె?