పూజలో ఉన్న రంపం

మాది గుడియాత్తం. వడ్రంగి అయిన మా ఆయన పోయినా, ఆయన చేతిరంపానికి ఏటా ఆయుధపూజ చేస్తాను. ఆ రోజు పనిముట్టు వాడకూడదని ఆయన నియమం.

పోయిన ఏడాది పూజ కాగానే, వానకు ఉబ్బిన చెక్క గడియ బిగుసుకుని, నిండు గర్భిణి అయిన కోడలు గదిలో చిక్కుకుంది. కరెంటు లేక కొడుకు కోతమిషను తిరగలేదు.

"అత్తా, నొప్పులొస్తా ఉండాయి!" అని లోపలినుంచి అరిచింది.

బొట్టు పెట్టిన రంపం తీసి కొడుక్కిచ్చాను.

"ఈ పొద్దా? నాయన ఒప్పుకోడుమ్మా!"

"మీ నాయన ఉండింటే ఈపాటికి కోసేసుండేవాడు. తలుపు సందులో పెట్టి లాగరా!"

గడియ తెగింది. ఆసుపత్రికి చేరాక మనవరాలు పుట్టింది.

అంత భయంలోనూ, గడియ కోసే ఆ రంపం గరగర చప్పుడు వింటుంటే ఆయన వాకిట్లో కూర్చుని పని చేస్తున్నట్టే అనిపించింది.