పరగడుపున తాగిన పసరు

కరోనా మాస్కులు ఇంకా పూర్తిగా దిగని ఏడాది, పదవీ విరమణకు రెండేళ్ల ముందు, హోసూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నన్ను ఎండోస్కోపీ గదికి ఇన్‌ఛార్జి నర్సుగా వేశారు. చివర దీపం, కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోటి గుండా కడుపులోకి దించి, లోపలి గోడలను తెర మీద చూడటమే ఎండోస్కోపీ. చూసేది డాక్టరు. రోగిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టడం, గొంతు మొద్దుబారే మందు కొట్టడం, పని అయ్యాక గొట్టాన్ని బ్రష్షుతో కడగడం మా వంతు. కడగడం సంగతి ముందే చెబుతున్నాను, నా కోపం అక్కడే మొదలైంది కాబట్టి.

మునిరాజప్ప కెలవరపల్లి దగ్గర గులాబీలు పండించే రైతు. వయసు అరవై దాటింది. మూడు నెలలుగా కడుపులో మంట, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, చొక్కా వదులు కావడం. ఆ వయసులో ఈ మూడూ కలిసి వస్తే కడుపు క్యాన్సర్ కాదని తేల్చుకోవడమే మా మొదటి పని. మా డాక్టరు సేలం మనిషి. తెలుగు అర్థమవుతుంది గాని, మాట్లాడబోతే తమిళమే వస్తుంది. అందుకని అడగాల్సినవన్నీ నేనే అడిగేదాన్ని. ఫారంలో మొదటి ప్రశ్న, ఏమైనా తిన్నారా అని.

మునిరాజప్ప ఏమీ తినలేదన్నాడు, నీళ్లు కూడా ముట్టలేదన్నాడు. గొట్టం దించగానే తెరంతా పచ్చబడింది. గోరింటాకు నూరిన రోలు ఎలా ఉంటుందో ఆయన కడుపు అలా ఉంది. గోడ కనిపిస్తే కదా పుండు కనిపించేది. పైగా కడుపులో ఉన్నది ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. డాక్టరు వెంటనే గొట్టం బయటికి తీసేశారు. ఆకు పీచు గొట్టంలో ఇరుక్కుంది. దాన్ని వదిలించేసరికి నా మధ్యాహ్న భోజనం సాయంత్రం కాఫీలో కలిసింది.

బయట ఆయన భార్య వెంకటమ్మ కూర్చుని ఉంది. ఊత్తంగరైలో ఆమె అన్నకు ఆకు మందులు తెలుసట. రెండు నెలలుగా ఆమె తెల్లవారకముందే లేచి, వేపాకు, కరివేపాకు, ఇంకా ఏవో ఆకులు నూరి పసరు తాగిస్తోంది. ఈరోజు ఎందుకు ఇచ్చావని అడిగితే నన్నే వింతగా చూసింది.

“పసరు తిండి ఎట్లయితాది సిస్టరమ్మా? అది మందు. పరగడుపున రమ్మనింది నువ్వే గదా. పసరు తాగాల్సింది గూడ పరగడుపునే.”

తాగాక మంట తగ్గుతోందని కూడా చెప్పింది. మమ్మల్ని భయపెట్టింది అదే. మంట తగ్గినా పుండు లోపల తన పని తాను చేసుకుపోగలదు.

రెండు వారాల తర్వాత మళ్లీ పిలిపించాం. పసరు చుక్క కూడా వద్దని నేను రెండుసార్లు చెప్పాను, వెంకటమ్మ రెండుసార్లు తల ఊపింది. ఆరోజూ ఆయన ఏమీ తినలేదన్నాడు. ఈసారి తెర మీద పచ్చదనం లేదు. నల్లగా, జిగురుగా, అటుకుల బెల్లం పాకంలాంటిదేదో గోడలకు అతుక్కుని ఉంది. పసరు ఆపమన్నాం కాబట్టి ఆమె తేనెలో కలిపిన లేహ్యం నాకించిందట.

నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచాను కూడా. అప్పటికి ఆమె లేహ్యం డబ్బా మూతను కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంటోంది. రెండుసార్లు మేము ఆయన్ను అలాగే ఇంటికి పంపేశాం. ఈ మధ్యలో ఆయనకు రోజూ ఏదో ఒక మందు ఇచ్చింది ఆవిడ ఒక్కతే. నోరు మూసుకున్నాను.

మరో రెండు వారాలకు, మూడోసారి, ముందురోజు సాయంత్రమే వార్డులో చేర్చుకున్నాం. ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మని వెంకటమ్మకు చెప్పాను. పసరు సీసా, లేహ్యం డబ్బా తీసుకుని, వాటిమీద రోగి పేరు, మంచం నంబరు రాసి, “డాక్టరును అడిగాకే” అని చీటీ అంటించి, మందుల బీరువాలో పెట్టి తాళం వేశాను. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు ఈ మందు రాసింది ఎవరని తమిళంలో అడిగారు. వెంకటమ్మ అన్నాను. ఆయన తల పంకించి పక్క మంచానికి వెళ్లిపోయారు. ఆమె మాత్రం తన పసరు ఆసుపత్రి బీరువాకు ఎక్కిందని వార్డంతా తిరిగి చెప్పింది.

మర్నాడు కడుపు కడిగిన పళ్లెంలా ఉంది. కింది భాగంలో రూపాయి బిళ్లంత పుండు, అంచులు ఉబ్బి ఉన్నాయి. ముక్కలు తీసి పరీక్షకు పంపాం. క్యాన్సరే. స్కానింగ్‌లో మాత్రం బయటికి పాకిన జాడ లేదు.

విషయం వెంకటమ్మకు చెప్పాం. ఆమె ఒక్కటే అడిగింది.

“నా పసరుతోనే ఇట్లయిందా?”

డాక్టరు చెప్పింది నేను తెలుగులో చెప్పాను. పసరు వల్ల వచ్చింది కాదు, పసరుతో పోయేదీ కాదు. బీడీలు, ఏళ్ల తరబడి పూటపూటా సంగటిలోకి ఉప్పు మామిడికాయ ఊరగాయ, కడుపులో ఉండే ఒక సూక్ష్మజీవి, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఈయన విషయంలో ఏదో ఎవరూ తేల్చలేరు. ఆమె కన్నీళ్లు తుడుచుకుని, ఆపరేషన్ ఎప్పుడని అడిగింది.

బెంగళూరులో కడుపు సగానికి పైగా తీసేశారు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు తినాలి, బీడీ మానాలి, ఊరగాయ జోలికి పోకూడదు. ఏడాది తర్వాత చూపించుకోవడానికి వచ్చిన మునిరాజప్ప ఆమె వినేలాగే నాతో మొరపెట్టుకున్నాడు. ఫోనులో ఆరు అలారాలు పెట్టిందట, తోటలో ఏ మూల దాక్కున్నా గిన్నెతో వస్తోందట.

“పసరే మేలు సిస్టరమ్మా. అది దినానికి ఒక్కసారే.”

ఆ కేసు తర్వాత ఫారంలో మొదటి ప్రశ్న మార్పించాను. ఏమైనా తిన్నారా అని కాకుండా, నిన్న రాత్రి నుంచి గొంతు దిగినవన్నీ చెప్పండి అని. ఆ వారంలోనే ఒకరు తులసి తీర్థం, ఇంకొకరు వాము నీళ్లు ఒప్పుకున్నారు. మునిరాజప్ప మాకు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. అడిగినదానికి సరిగ్గానే జవాబిచ్చాడు, అడగడం రానిది నాకు. అది నేను నేర్చుకునేసరికి నెల రోజులు పట్టింది. ఆయన పుండు అన్నాళ్లూ ఆగింది. అన్నీ ఆగవు.