అమావాస్య సత్రంలో మా మండీ పేరు

మొన్న పొద్దున ఉప్మా తింటూ మా మనవడు నవ్వుతూ ఒక సంగతి చెప్పాడు. వాడికి కడపలో టైల్స్ వ్యాపారం. ఊళ్లో వ్యాపారస్తులు కొందరు వారానికొకసారి తెల్లవారేసరికి ఒక హోటల్లో చేరి ఒకరికొకరు కొనేవాళ్లను చూపించుకుంటారట, వరసగా రానివాణ్ణి తీసేసి అదే వ్యాపారం చేసే ఇంకొకణ్ణి చేర్చుకుంటారట. సరిగా పోనందుకు మావాడికి హెచ్చరిక వచ్చింది. మెసేజీ పెడితే సరిపోయేదానికి పొద్దున్నే పోయి ముఖం చూపించడమేమిటని వాడి నవ్వు. నాకు ఒళ్లు మండిపోయింది. కాఫీ గ్లాసు బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టి లేచి వచ్చేశాను.

వాణ్ణి అని ఏం లాభం, వాడికి ఆనాటి రాయచోటి తెలియదు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా అత్తవారికి అక్కడ చెనక్కాయల మండీ, అంటే వేరుశనగ టోకు అంగడి, ఉండేది. అమావాస్యనాడు అంగళ్లన్నీ మూసి, మండీలవాళ్లంతా సత్రం వసారాలో చాపలు పరుచుకుని కూర్చునేవారు. మద్రాసు వైపు నూనె మిల్లుల మనుషులు ఆ రోజు చూసుకునే వచ్చేవారు. కూటం పెద్ద ఒక్కొక్క మండీ పేరు పిలుస్తాడు, ఆ మండీ మనిషి పలుకుతాడు, పలికినవాళ్ల మధ్యే మిల్లులకు పంపే సరుకు పంచుతారు. ఇంటి మనిషే రావాలి, గుమాస్తా పనికిరాడు. వరసగా మూడు అమావాస్యలు పలకని మండీని వరసలోంచి తీసేస్తారు. అలా తీసేసిన మండీ ముందు ఏ రైతూ బండి ఆపడు.

నా పెళ్లయిన రెండో ఏడు మా ఆయన బస్తాల బండి మీద నుంచి పడి, నడుము దెబ్బతిని మంచం పట్టారు. మామగారు ముందే పోయారు, మరుదులు లేరు. రెండు అమావాస్యలు మా పేరుకు ఎవరూ పలకలేదు. మూడోది దగ్గరపడుతుంటే మంచం మీద ఆయన గోడవైపు తిరిగి పడుకోవడం చూడలేక, నేను పోతానన్నాను. ఆయన వద్దనలేదు. మా అత్త మాత్రం, మన ఇంటి పరువు బజారున పడుతుందని ఏడ్చి నాతో మాటలు మానేసింది.

కూటం పెద్ద ఎవరో కాదు, మా ఆయనకు సొంత పెదనాన్న. ఆయన మండీ గోడా మా మండీ గోడా ఒకటే, మాది మూతపడితే ఆ గోడ కొట్టేసి తన మండీలో కలుపుకుంటాడని ఊరందరికీ తెలుసు. నన్ను గడపలో చూడగానే ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఏమ్మా, ఈడ ఆడోళ్లకేం పని? వాడు లేచినంక వస్తాడులే, ఇంటికి పో."

"కూటం ఈ పొద్దే ఉండాది గదా మామా. కూర్చోనే పోతా."

పెద్దమామకు ఎదురు చెప్పడం నా జన్మలో అదే మొదలు. చెప్పి, గడప పక్కనే కూర్చున్నాను. ఆయన అన్ని పేర్లూ పిలిచి మాది దాటేశాడు. పిలుపు అయిపోయాక మా మండీ పేరు నేనే గట్టిగా చెప్పాను. ఎవరూ విననట్టే ఉన్నారు. సరుకులో వాటా ఇవ్వలేదు, కానీ ఇంటి మనిషి అందరి కళ్లముందూ కూర్చుని ఉంటే రాలేదని తీసేయడమెలా? ఆ చిక్కు వాళ్లకు తెగలేదు. మరుసటి అమావాస్యా పోయాను, ఆ పైదీ పోయాను. నాకు వ్యాపారం తెలియదు, బేరం తెలియదు, పోయి కూర్చోవడం ఒక్కటే తెలుసు. దాన్నే పట్టుకున్నాను.

ఒకసారి నేను పోయేసరికి నేను కూర్చునే చోట అందరి చెప్పులూ కుప్పగా విడిచి ఉన్నాయి. వాటిని పక్కకు నెట్టి కూర్చున్నానేగానీ, ఇంటికొచ్చి వంటింట్లో వెక్కి వెక్కి ఏడ్చాను. ఇక పోనన్నాను. అత్త వింటూనే ఉంది. మళ్లీ అమావాస్య వచ్చింది, నేను పడక దిగలేదు. నెలల తరబడి నాతో మాట్లాడని మా అత్త దువ్వెన పట్టుకుని వచ్చి నా తలవైపు కూర్చుంది.

"లెయ్యే. ఇన్ని అమావాస్యలు కూచొని ఈ పొద్దు కూచోకపోతే అయన్నీ యాడికి పోవాల? పా, నేనూ వస్తాండా."

ఆ పెద్దాయన ఆమెకు బావగారు. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆయన ఎదుట పడి ఎరగని మనిషి, ఆయన దగ్గు వినిపిస్తే తలుపు చాటుకు పోయే మనిషి, తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుని సత్రం మెట్లెక్కి నా పక్కన కూర్చుంది. పెద్దాయన తల వంచుకున్నాడు. తమ్ముడి భార్యను అంతమందిలో అలా కూర్చోబెట్టి పేరు దాటేయడానికి ఆయనకు నోరు రాలేదు కాబోలు, మా వరస రాగానే ఒక్క క్షణం ఆగి మా మండీ పేరు పిలిచాడు. నేను నోరు తెరిచేలోపే మా అత్త పలికింది.

"ఉండాం."

ఆ ఏడు బండ్లు మళ్లీ మా మండీ ముందు ఆగాయి. మా ఆయన కర్ర పట్టుకుని లేచి నడిచేదాకా ఒక్క అమావాస్య కూడా మేము తప్పలేదు.

ఇప్పుడా సత్రం లేదు, సెల్‌ఫోన్ల దుకాణాలు వచ్చాయి. పేరు పిలిచేవాడూ లేడు, పలికేవాడూ లేడు, ఫోనులో వేలితో ఒక గుర్తు నొక్కితే వచ్చినట్టు కాదా అంటాడు మావాడు. నేనొప్పుకోను. మనవడికి తెగేసి చెప్పాను, ఈ వారం నువ్వు పోకపోతే మీ అంగడి తరఫున నేను పోయి కూర్చుంటానని. వాడు నవ్వాడుగానీ అలారం మాత్రం పెట్టుకున్నాడు. నిజంగా పోయినా నన్నిప్పుడు గడపలో ఆపేవాళ్లెవరూ లేరు, కుర్చీ వేసి కూర్చోబెడతారు. అందుకు నాకు సంతోషమే. కానీ అక్కడ ఎవరైనా పిలిచినా 'ఉన్నాను' అని ఒక్కదాన్నే చెప్పాలి. 'ఉండాం' అనడానికి పక్కన మా అత్త లేదు.